ఖనిజ రాయల్టీ తగ్గింపు: గుంటూరు, ప్రకాశం మైదానాల బడ్జెట్ లెక్క

ప్రభుత్వ భూమిలో రాయి, ఇసుక, సున్నపురాయి తవ్వుకునేవారు ప్రతి టన్నుకో ఘనపు మీటరుకో ప్రభుత్వానికి కట్టే సొమ్ము రాయల్టీ. గ్రానైటు, కంకర, గ్రావెల్, ఇసుక వంటి చిన్న తరహా ఖనిజాల మీద కట్టేదాన్ని ఆంధ్రప్రదేశ్‌లో సీనరేజి అంటారు. పత్తికీ మిరపకూ పేరుపడ్డ పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది చిన్న రాబడేమీ కాదు. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైటు, బల్లికురవలో బూడిదరంగు గ్రానైటు, పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు సున్నపురాయి, పేరేచర్ల దగ్గర కంకర, చేబ్రోలు మండలంలో గ్రావెల్, కృష్ణ ఒడ్డున ఇసుక ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన తర్వాత వీటిలో కొన్ని పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి వెళ్లాయి.

రాయల్టీ తగ్గించమన్న విన్నపం ఇక్కడ ఏ ప్రభుత్వానికైనా వస్తూనే ఉంటుంది. తగ్గింపు మూడు రకాలుగా జరుగుతోంది. ఉత్తర్వు ఇచ్చి రేటు కోయడం ఒకటి. ఇసుకకు చేసినట్టు పూర్తిగా ఎత్తేయడం రెండోది. రేటును ఏళ్ల తరబడి కదపకుండా వదిలేసి ధరల పెరుగుదలకు అప్పగించడం మూడోది. మొదటి రెండూ పత్రికల్లో వస్తాయి. మూడోదాని గురించి ఎవరూ మాట్లాడరు, ఖజానాకు దానివల్ల పోయేది తక్కువేమీ కాదు.

రేటు ఎవరి చేతిలో ఉంది

గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1957లో వచ్చింది. దాని 9వ సెక్షన్ ప్రకారం సున్నపురాయి, ఇనుప ఖనిజం వంటి ప్రధాన ఖనిజాల రాయల్టీని కేంద్రం నిర్ణయిస్తుంది. వసూలైన సొమ్ము మాత్రం రాష్ట్రానిదే. 15వ సెక్షన్ చిన్న తరహా ఖనిజాల అధికారాన్ని రాష్ట్రాలకు వదిలింది. ఆ అధికారంతోనే 1966 నాటి ఆంధ్రప్రదేశ్ చిన్న తరహా ఖనిజాల నియమావళి ఇప్పటికీ సవరణలతో నడుస్తోంది. అంటే పల్నాటి సున్నపురాయి రేటు ఢిల్లీలో తేలుతుంది, చీమకుర్తి గ్రానైటు రేటు రాష్ట్ర సచివాలయంలో తేలుతుంది.

ఈ చట్టంలో చాలామంది గమనించని ఒక ఏర్పాటు ఉంది. రేటు పెంచాలంటే మూడేళ్లలో ఒక్కసారికి మించి పెంచకూడదు. కేంద్రానికీ రాష్ట్రానికీ ఇదే కట్టడి. తగ్గించడానికి మాత్రం అలాంటి గడువేదీ లేదు. ఈ ఏడాది తగ్గించి, మళ్లీ ఆరు నెలలకు ఇంకా తగ్గించినా చట్టం అడ్డుచెప్పదు. గని యజమానికి ఆకస్మిక భారం పడకూడదన్న ఉద్దేశం సబబైనదే. కానీ తప్పుగా తగ్గించిన రేటును సరిదిద్దుకోవాలంటే అప్పటికే ఒకసారి పెంచి ఉన్న ప్రభుత్వం గడువు తీరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఈలోపు తవ్విన రాయి తిరిగి రాదు.

రాయల్టీ పన్నా కాదా అన్న వివాదం ముప్పై ఐదేళ్లు సాగింది. 1989లో ఇండియా సిమెంట్స్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని పన్నే అంది. 2024 జులై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఎనిమిది, ఒకటి తేడాతో ఆ తీర్పును తోసిపుచ్చింది. రాయల్టీ పన్ను కాదని, ఖనిజం తీసుకుపోయే హక్కుకు ప్రతిఫలంగా కౌలుదారు చెల్లించే సొమ్మని, దానికి అదనంగా ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. బడ్జెట్ దృష్టితో చూస్తే ఈ తీర్పు చాలా ముఖ్యం. పన్ను తగ్గిస్తే పౌరుడి సొమ్ము పౌరుడి దగ్గరే ఉండిపోయిందని అనవచ్చు. రాయల్టీ తగ్గిస్తే అందరి ఆస్తిని తక్కువకు అమ్మినట్టే. మిరప తోట వచ్చే ఏడు మళ్లీ కాపుకొస్తుంది, గెలాక్సీ బండ రాదు.

ఈ నేలలో ఈ లెక్క కొత్తదేం కాదు. కృష్ణ ఒడ్డున పాత గుంటూరు జిల్లాలోని కొల్లూరు 17వ శతాబ్దంలో ప్రపంచమంతటా పేరున్న వజ్రాల గని. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ అక్కడికి వచ్చి చూసి రాశాడు. గోల్కొండ సుల్తానులు తవ్వకానికీ అమ్మకానికీ రుసుము తీసుకునేవారు, పెద్ద రాళ్లు తమకే దక్కాలని నియమం పెట్టుకున్నారు. ఆ కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉన్నాయి.

రూపాయి తగ్గితే ఎవరి రూపాయి తగ్గుతుంది

రాష్ట్ర బడ్జెట్‌లో గనుల రాబడి పన్నేతర ఆదాయం కింద, 0853 పద్దులో కనిపిస్తుంది. తగ్గింపు వల్ల నష్టమెంత అని అడిగితే అధికారులు ఈ పద్దు చూసే చెబుతారు. అసలు నష్టం అక్కడితో ఆగదు.

మొదట స్థానిక సంస్థలు. చిన్న తరహా ఖనిజాల సీనరేజిలో గ్రామ పంచాయతీకి 25 శాతం, మండల పరిషత్తుకు 50 శాతం, జిల్లా పరిషత్తుకు 25 శాతం చెందాలన్నది రాష్ట్రంలో ఉన్న పద్ధతి. ఆ వాటా సకాలంలో విడుదల కాదన్నది సర్పంచుల పాత ఫిర్యాదు. రేటే తగ్గితే అడగడానికి కూడా ఏమీ మిగలదు. క్వారీ ఉన్న ఊళ్లో టిప్పర్లు తిరిగి గుంతలుపడ్డ రోడ్డును బాగుచేయాల్సింది ఈ సంస్థలే. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదా, విచ్చిన పత్తి మీదా దుమ్ము పడితే పంచనామా అడిగే రైతు కూడా ముందు వెళ్లేది పంచాయతీ గడపకే.

తర్వాత జిల్లా ఖనిజ నిధి. 2015లో చట్టానికి 9బి సెక్షన్ చేర్చి, గనుల వల్ల దెబ్బతినే ప్రాంతాల కోసం ప్రతి జిల్లాలో ఈ నిధిని ఏర్పాటు చేయమన్నారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన ప్రధాన ఖనిజాల లీజులైతే రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం దీనికి జమ కావాలి. తాగునీరు, వైద్యం, బడులు, పర్యావరణం లాంటి పనులకు ఖర్చు పెట్టాలి. ఈ నిధిని రాయల్టీలో శాతంగా కట్టేశారు కనుక రాయల్టీ తగ్గితే ఇదీ దానంతటదే తగ్గుతుంది. పాత లీజులో సున్నపురాయి రాయల్టీని టన్నుకు పది రూపాయలు తగ్గించారనుకుందాం. రాష్ట్రానికి పది పోతాయి, గని పక్క ఊళ్ల నిధికి మరో మూడు పోతాయి. ఆ మూడు రూపాయలు తగ్గించాలని ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయించలేదు. ఎవరూ నిర్ణయించకుండానే పోయాయి.

తగ్గించిన సొమ్ము వేరే దారుల్లో తిరిగి వస్తుందని ఒక వాదన ఉంది. రాయల్టీ తగ్గితే కంపెనీ లాభం పెరుగుతుంది, లాభం మీద ఆదాయపు పన్ను వస్తుంది కదా అంటారు. లెక్క వేసి చూద్దాం. రాయల్టీ 100 రూపాయలు తగ్గి, ఆ మొత్తమూ లాభంగా మిగిలి, దాని మీద 22 శాతం కార్పొరేట్ పన్ను పడిందనుకుంటే కేంద్రానికి 22 రూపాయలు వస్తాయి. 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం సిఫారసు ప్రకారం అందులో 41 శాతం, అంటే సుమారు 9 రూపాయలు రాష్ట్రాలన్నిటికీ కలిపి పంచాలి. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. చివరికి అమరావతికి చేరేది 37 పైసలు. వంద రూపాయలు రాష్ట్రం వదులుకుంటే ఈ దారిన తిరిగొచ్చేది రూపాయిలో సగం కూడా లేదు.

జీఎస్టీ దారి కొంత మెరుగు, ఎందుకంటే అందులో సగం రాష్ట్రానిది. అయితే చీమకుర్తి రాయిలో ఎక్కువ భాగం చైనా వంటి దేశాలకు బ్లాకుల రూపంలోనే ఎగుమతి అవుతుంది. ఎగుమతుల మీద జీఎస్టీ భారం ఉండదు, కట్టిన పన్ను కూడా వాపసు ఇస్తారు. దేశంలో అమ్మే గ్రానైటు బ్లాకుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి దిగింది. కాబట్టి ఓడెక్కే గెలాక్సీ బ్లాకు నుంచి రాష్ట్ర ఖజానా నేరుగా రాబట్టుకోగలిగింది దాదాపుగా సీనరేజి ఒక్కటే.

రేటు తగ్గితే తవ్వకం పెరిగి మొత్తం రాబడి నిలబడుతుందన్నది రెండో వాదన. దీనికీ కూడికలు, తీసివేతలు చాలు. రేటును 20 శాతం తగ్గిస్తే పాత రాబడి రావడానికి ఉత్పత్తి 25 శాతం పెరగాలి. సగానికి తగ్గిస్తే రెట్టింపు కావాలి. అంత పెరుగుదల వచ్చేది రాయల్టీయే అమ్మకానికి అడ్డుగా ఉన్న చోట మాత్రమే. పల్నాటి సిమెంటు చూడండి. టన్ను సిమెంటుకు సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. టన్నుకు 80 రూపాయల చొప్పున రాయల్టీ 120 రూపాయలు, అంటే 50 కిలోల బస్తాకు ఆరు రూపాయలు. దాన్ని పూర్తిగా మాఫీ చేసినా బస్తా ధరలో ఆరు రూపాయల తేడాకు ఇల్లు కట్టుకునేవాళ్లు ఎక్కువ కారు. ఆ ఆరు రూపాయలు కొనుగోలుదారు దాకా వస్తాయన్న నమ్మకం కూడా లేదు.

లీజు ఎలా ఇచ్చారన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. వేలంలో ఇవ్వబోయే కొత్త గనికి రాయల్టీ తగ్గిస్తే పాటదారులు ఆ మేరకు ఎక్కువ ప్రీమియం పాడతారు. ప్రభుత్వం ఒక చేత్తో వదిలింది మరో చేత్తో కొంతైనా అందుకుంటుంది. వేలం పద్ధతికి ముందు దరఖాస్తు మీద ఇచ్చిన పాత లీజులకు ప్రీమియమే లేదు. అక్కడ తగ్గించిన ప్రతి రూపాయీ లీజుదారు జేబులోకే. 2015 సవరణ ప్రధాన ఖనిజాల పాత లీజుల గడువును యాభై ఏళ్లకు పొడిగించింది. సొంత కర్మాగారాల కోసం తవ్వుకునేవాటికి కనీసం 2030 మార్చి 31 దాకా గడువిచ్చింది. పల్నాటి సిమెంటు గనుల్లో ఇలాంటి పాత లీజులు ఉన్నాయి కనుక కొత్త, పాత తేడా చూడకుండా అందరికీ ఒకేలా తగ్గించడం ఖజానాకు చాలా ఖరీదైన పద్ధతి.

చీమకుర్తి: ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ వద్దు

ఒంగోలుకు పడమర 20 కిలోమీటర్ల దూరంలో చీమకుర్తి, రామతీర్థం మధ్య దొరికే నల్లరాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి. భూగర్భ శాస్త్రం ప్రకారం అది గ్రానైటు కాదు, గాబ్రో జాతి రాయి. ఆ మెరుపు బ్రాంజైటు అనే ఖనిజానిది. వర్తకంలో మాత్రం బ్లాక్ గెలాక్సీ గ్రానైటుగానే ప్రపంచమంతా తెలుసు. ఈ రాయి దొరికేది ఇక్కడే. ఇంకెక్కడా దొరకని సరుకును అమ్మేవాడు ధర తగ్గించుకోవాల్సిన అవసరం మామూలుగా రాదు. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు కూడా ఇక్కడ లీజు ఉంది.

అయినా తగ్గింపు అడిగేవారందరి మాటా కొట్టిపారేయదగింది కాదు. క్వారీలో పగలగొట్టిన రాయిలో బ్లాకుగా పనికొచ్చేది కొంతే. పగుళ్లున్నదీ, చారలున్నదీ, కొలతకు రానిదీ గుట్టలుగా పోసేస్తారు. చీమకుర్తి చుట్టూ ఆ గుట్టలే కొండల్లా కనిపిస్తాయి. అవి ప్రభుత్వ భూమిని ఆక్రమిస్తాయి, వాన నీటి దారులు మళ్లిస్తాయి. ఈ చిన్న రాళ్లకు పెద్ద బ్లాకుల రేటే వేస్తే ఎవరూ ముట్టుకోరు. రేటు తగ్గిస్తే పలకలుగానో, కంకరగానో అమ్ముడుపోతాయి. సున్నా రాబడి ఉన్నచోట కొంత రాబడి వస్తుంది, గుట్టా తరుగుతుంది. రాయల్టీ తగ్గింపు ఖజానాకు నిజంగా లాభం తెచ్చేది ఇలాంటి చోట్లే. పెద్ద బ్లాకులకు ఒక రేటు, చిన్నవాటికి తక్కువ రేటు అన్న విభజన నియమావళిలో ముందునుంచీ ఉండటానికి కారణం ఇదే.

రాయి కోసే ఫ్యాక్టరీల సంగతి వేరు. మార్టూరు, చీమకుర్తి, బల్లికురవ ప్రాంతాల చిన్న యూనిట్లు ఏళ్లుగా అడిగింది శ్లాబు విధానం. కోసిన రాయి కొలత బట్టి కాకుండా యంత్రానికి నెలకింత అని స్థిరంగా కట్టడం దీని పద్ధతి. ఈ విధానాన్ని తిరిగి తెస్తున్నట్టు 2022 ఆగస్టులో చీమకుర్తి సభలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ప్రకటించారు. విద్యుత్ చార్జీల రాయితీ కూడా దాంతోపాటే చెప్పారు. చిన్న యజమానికి దీనివల్ల నిజమైన ఊరట ఉంది. పర్మిట్లు చూపిస్తూ, చెక్‌పోస్టుల దగ్గర లారీ ఆపుకుంటూ, కొలతల గొడవ పడుతూ పోయే రోజులు తగ్గుతాయి. బడ్జెట్ వైపు నుంచి చూస్తే మాత్రం ఒక చిక్కుంది. నెల మొత్తం కట్టేశాక ఆ పైన కోసే ప్రతి బ్లాకుకూ సీనరేజి సున్నా. ఒక షిఫ్టు నడిపే యూనిట్టూ, మూడు షిఫ్టులూ నడిపే యూనిట్టూ ఒకటే కడతాయి. పర్మిటు లేకుండా క్వారీ దాటిన బ్లాకును ఫ్యాక్టరీలో పట్టుకునే అవకాశం కూడా సన్నగిల్లుతుంది. చిన్న యూనిట్లను ఆదుకోవాలంటే విద్యుత్ రాయితీ మెరుగైన దారి. అది ఎంతైందో ప్రతి ఏటా విద్యుత్ సబ్సిడీ పద్దులో కనిపిస్తుంది, శాసనసభలో ఓటుకు వస్తుంది.

క్వారీల ఖర్చులో ప్రభుత్వం మోసేది ఇంకా ఉంది. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర క్వారీలో బండలు విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కూలీలు చనిపోయారు. తనిఖీ సిబ్బంది, ఆసుపత్రులు, రహదారులు, నష్టపరిహారాలు అన్నీ ఎక్కడినుంచో రావాలి. గని రాబడి తగ్గించి ఈ ఖర్చు పెంచడం ఎలా కుదురుతుందో తగ్గింపు కోరే వినతిపత్రాల్లో ఉండదు.

పల్నాటి సున్నపురాయి: కదలని 80 రూపాయలు

పల్నాడు సున్నపురాయి ఈ ప్రాంతాన్ని పారిశ్రామికంగా నిలబెట్టింది. మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం 1958 నాటిది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ తెలుసు. సిమెంటు తయారీకి వాడే సున్నపురాయి రాయల్టీ 2009లో టన్నుకు 63 రూపాయలు. 2014 సెప్టెంబరులో 80 అయింది. ఆ తర్వాత కదల్లేదు. మూడేళ్లకోసారి పెంచే వీలు చట్టంలో ఉన్నా పదేళ్లకు పైగా పెంచలేదు.

ఇనుప ఖనిజానికి అమ్మకపు ధరలో 15 శాతం రాయల్టీ. ధర పెరిగితే రాబడీ పెరుగుతుంది. సున్నపురాయికి టన్నుకింత అని స్థిర రేటు. ధరలు ఏటా ఐదు శాతం చొప్పున పెరిగాయనుకుంటే, పదేళ్ల తర్వాత ఆ 80 రూపాయల కొనుగోలు శక్తి 2014 నాటి 49 రూపాయలతో సమానం. దాదాపు నలభై శాతం తగ్గింపు. దీనికి ఉత్తర్వు లేదు, సభలో చర్చ లేదు, ఎవరి సంతకమూ లేదు. ఏటా 20 లక్షల టన్నులు తవ్వే గని ఒకటి ఉందనుకుంటే అది కట్టే రాయల్టీ 16 కోట్లు. పదేళ్ల తర్వాతా అదే 16 కోట్లు. ఈలోపు ఆ సొమ్ముతో వేయగలిగే రోడ్డు పొడవు మాత్రం ఏటా తగ్గుతూ వచ్చింది.

రేటు కన్నా పెద్ద చిల్లు ఇంకొకటి ఉంది. నడికుడి, కేశానుపల్లి, కోనంకి గ్రామాల్లో అనుమతి లేకుండా సున్నపురాయి తవ్వారన్న వివాదం హైకోర్టుకు ఎక్కి, తర్వాత సీబీఐ దర్యాప్తు దాకా వెళ్లింది. పర్మిటు లేని టన్ను మీద రాయల్టీ రేటు ఎంతైనా వచ్చేది సున్నాయే. రేటు తగ్గిస్తే అక్రమ తవ్వకాలు ఆగుతాయని కొందరంటారు. కొంతవరకు నిజం, ఎందుకంటే దొంగ రవాణాలో మిగిలేది ఆ రుసుమే. కానీ పట్టుబడతామన్న భయం లేనప్పుడు ఎనభై బదులు నలభై కట్టమన్నా కట్టరు. రాష్ట్రం 2021 తర్వాత జిల్లాల వారీగా సీనరేజి వసూలును వేలంలో ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. దానితో ఖజానాకు ఏడాదికింత అన్న భరోసా వచ్చింది. పాట గెలిచినవాడికి మాత్రం తవ్వకం పెరిగేకొద్దీ లాభం, తవ్వకం ఎంతవరకు తగునో చూడటం అతని పని కాదు.

ఇసుక: రాయల్టీ సున్నా అయినప్పుడు

తగ్గింపు చివరి అంచుకు వెళితే ఏమవుతుందో ఇసుకలో కనిపిస్తుంది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం ఉచిత ఇసుక విధానం తెచ్చింది. 2019 సెప్టెంబరులో దాన్ని మార్చి స్టాక్‌యార్డు దగ్గర టన్ను 375 రూపాయలకు అమ్మింది. 2021లో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించి 475 చేసింది. 2024 జులైలో మళ్లీ ఉచిత ఇసుక వచ్చింది. మొదట సీనరేజి వసూలు చేసి, అదే ఏడాది అక్టోబరులో దాన్నీ ఎత్తేశారు. ఎనిమిదేళ్లలో ఇన్ని మార్పులు జరిగితే ఏ పంచాయతీ కూడా వచ్చే ఏడాది రాబడిని అంచనా వేసుకోలేదు.

ఇల్లు కట్టుకునే పేదవాడికీ, పని దొరకక ఖాళీగా కూర్చున్న తాపీ మేస్త్రీకీ ఇసుక ధర తగ్గితే మేలే. ఆ కోరికలో తప్పు లేదు. రుసుము పోయాక రేవు దగ్గర పోగయ్యే లాభం ఎవరికి చేరుతుందన్నదే ప్రశ్న. లోడింగు, రవాణా చేతిలో ఉన్నవారు ఆ తేడాను తమ వైపు లాక్కుంటే ప్రభుత్వం వదులుకున్నది ఇంటి యజమానికి చేరదు. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇసుక అక్రమ తవ్వకాలను అరికట్టలేదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని 100 కోట్ల రూపాయల మధ్యంతర జరిమానా కట్టమని ఆదేశించింది. ఇసుక మీద రాబడి వదులుకున్న కాలానికి జరిమానా ఆదేశం ఎదురొచ్చింది.

ఇసుక, గ్రావెల్, కంకర విషయంలో ఇంకో లెక్క ఉంది. వీటిని ఎక్కువగా కొనేవారిలో ప్రభుత్వం కూడా ఒకటి. రోడ్లు, కాలువలు, రాజధాని పనుల అంచనాల్లో సీనరేజి కలిపే ఉంటుంది, కాంట్రాక్టరు బిల్లులోంచి దాన్ని కోసుకుంటారు. అంటే ఒక శాఖ ఖర్చే మరో పద్దు రాబడి. ప్రభుత్వ పనులకు రుసుము మాఫీ చేస్తే మొత్తం ఖజానాకు పోయేది పెద్దగా ఉండదు. కానీ ఆ రుసుములో వాటా ఉన్న పంచాయతీకి మాత్రం పూర్తిగా పోతుంది. పైపెచ్చు అంచనాలో ఉంచి బిల్లులో కోయడం మానేస్తే కాంట్రాక్టరుకు అయాచితంగా మిగులుతుంది.

ఇతర చోట్ల

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ భూముల చమురు, సహజవాయువుల రాయల్టీ 1920 చట్టం నుంచి వందేళ్లు 12.5 శాతం దగ్గరే ఉంది. 2022లో 16.67 శాతానికి పెంచారు, 2025 జులైలో తిరిగి 12.5కి దించారు. బొగ్గుకు 12.5 నుంచి 7 శాతానికి తగ్గించారు. అక్కడ రాబడిలో దాదాపు సగం గని ఉన్న రాష్ట్రానికి వెళుతుంది కనుక దెబ్బ రెండు ఖజానాల మీదా పడుతుంది. మన దేశంలో కేంద్రం 2023 అక్టోబరులో లిథియం, నియోబియంలకు 3 శాతం, అరుదైన మృత్తికలకు 1 శాతం చొప్పున తక్కువ రేట్లు పెట్టింది. తవ్వకమే మొదలుకాని ఖనిజానికి పెట్టుబడి రప్పించడానికి ఇది సమంజసం, పైగా వేలంలో ప్రీమియం వస్తుంది. నలభై ఏళ్లుగా అమ్ముడుపోతున్న రాయికి అదే ఉదాహరణ చూపడం కుదరదు. తమిళనాడు మరో దారి పట్టింది. 2024 తీర్పు ఇచ్చిన వెసులుబాటుతో ఖనిజాలున్న భూములపై పన్ను చట్టం చేసి 2025 ఏప్రిల్ నుంచి అమలుచేస్తోంది. కేంద్రం కదపని సున్నపురాయి రేటు వల్ల పోతున్నది ఆంధ్రప్రదేశ్ కూడా ఈ దారిలో రాబట్టుకోవచ్చు.

శాసనసభకు కనిపించని లెక్క

పన్ను రాయితీల వల్ల వదులుకున్న ఆదాయమెంతో చెప్పే నివేదిక ఒకటి కేంద్ర బడ్జెట్ పత్రాలతో పాటు ప్రతి ఏటా వస్తుంది. రాయల్టీ పన్ను కాదు కనుక రాయల్టీ రాయితీలకు అందులో చోటు లేదు. రాయల్టీనో సీనరేజినో తగ్గిస్తూ ఉత్తర్వు వెలువడితే దానివల్ల 0853 పద్దుకు ఎంత, జిల్లా ఖనిజ నిధికి ఎంత, ఏ మండలానికి ఎంత తగ్గుతుందో ఒక్కచోట చూపే పత్రం ఉండటం లేదు. ఏడాది చివర రాబడి తగ్గినా, తవ్వకం తగ్గిందో, రేటు తగ్గిందో, దొంగ రవాణా పెరిగిందో విడదీసి చెప్పలేరు. అలాంటి పత్రం తయారు చేయడానికి కావలసిన వివరాలు గనుల శాఖ ఆన్‌లైన్ పర్మిట్లలో ఉన్నాయి. ఏ లీజు నుంచి, ఏ ఖనిజం, ఎన్ని టన్నులు, ఏ రేటుకు వెళ్లిందో అందులో నమోదవుతుంది. తగ్గింపు ఉత్తర్వుకు ఆ లెక్కను మండలాల వారీగా జతచేయాలని నియమం పెడితే చీమకుర్తి, దాచేపల్లి మండలాల వారు తమ పంచాయతీ ఏం వదులుకుంటోందో ఉత్తర్వు వచ్చిన రోజే చదువుకోగలుగుతారు.